ఆమెన్ అనేదాకా

నెబ్రాస్కాలోని ఆ జర్మన్ రైతుల పల్లెలో ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవాలంటే శనివారమే పాస్టరుగారి దగ్గర పేరు రాయించుకోవాలి. సంఘపెద్ద భార్య ఆయన గుమ్మంలోనే నిలబడిపోయింది.

“ఎప్పటిలాగే మీ ఇద్దరి పేర్లూ రాసెయ్యనా అమ్మా?”

“వద్దయ్యగారూ. తప్పు దిద్దుకోకుండా బల్ల దగ్గరికి ఎలా వస్తాం? పోయిన ఆదివారం మంచుకి గుడికి రాలేక ఇంట్లోనే మా ఆయన వాక్యం చదువుతున్నారు. ఎవరో తలుపు కొట్టారు.”

“తీశారా?”

“ఆమెన్ అనేదాకా మా ఇంట్లో ఎవరూ లేవరు కదా. కిటికీలోంచి చూస్తే పక్క పొలంలో ఉండే చెక్ జాతి ఆవిడ. మళ్ళీ ఏదో అడగడానికొచ్చిందనుకుని పిల్లల్ని కూడా కదలనివ్వలేదు.”

“తర్వాత?”

“తలుపు తీసేసరికి మా ఆవు గుమ్మం ముందు కట్టేసి ఉంది. తప్పిపోయిందని మాకే తెలీదు. ఆ మంచులో తోలుకొచ్చింది.”

“వెళ్ళి క్షమించమని అడగలేకపోయారా?”

“అడుగుదామనే వెళ్ళాను. తలుపు తియ్యలేదేం, ఎవరికైనా బాగోలేదా అని ఆవిడే కంగారుపడింది. మా ఆయనకి జ్వరమని చెప్పేశాను.”

పాస్టరుగారు కలం కింద పెట్టారు.

“అప్పట్నుంచి రోజూ కోడి సూపు తెస్తోంది. ఆవిడ అలికిడి వినబడితే చాలు, మన సంఘపెద్ద దుప్పటి కప్పుకుని మూలుగుతున్నారు.”

“సూపు తాగుతున్నాడా?”

“గిన్నె నాకేస్తున్నారు.”

“పేర్లు రేపు పొద్దున రాస్తాను. ముందు వెళ్ళి ఆవిడ తలుపు కొట్టండి.”

“కొట్టీ కొట్టగానే తీసేస్తుందయ్యగారూ. అదే నా భయం.”