చెయ్యి వేస్తున్నా

కరాటే హాలు. పిల్లలు వెళ్ళిపోయారు. పైన ఫ్యాను గోలగా తిరుగుతోంది.

“నోటితో చెప్పు బావా. పిల్లల మీద చెయ్యి మాత్రం వెయ్యకు. నేనడిగేది అంతే.”

“అంతేనా? ఎంత తేలిగ్గా తేల్చేశావ్! వంటవాణ్ణి పిలిచి, రుచి చూడకుండా ఉప్పు సరిచెయ్యమన్నట్టుంది.”

“వెటకారం వద్దు. ఇందాక తల్లులు బయట గొడవ చేసి వెళ్ళారు.”

“తల్లులా, ఆ పిల్ల తల్లి ఒక్కతేనా?”

“ఆవిడ మొదలెట్టింది. మిగతావాళ్ళు తల ఊపారు.”

“తల ఊపితే నాకేం తెలుస్తుంది? నోరు తెరిచి అనమను.”

“బావా...”

“సరే. ఆవిడేమంది? ఉన్నదున్నట్టు చెప్పు.”

“ఎందుకులే ఇప్పుడు.”

“చెప్పరా.”

“మీ మాస్టరుకి కళ్ళు పోతే పోయాయి, మా పిల్ల కళ్ళు కూడా తీస్తాడా అంది. అడిగావు కాబట్టి చెప్పాను.”

“పిల్లకెలా ఉంది?”

“ఎప్పుడో తగ్గిపోయింది. అప్పుడు కాస్త ఎర్రగా ఉంది, చుక్కల మందు వేశారు. ఇప్పుడు బాగానే ఉంది.”

“నేను చెప్పే చేశానురా. చెప్పకుండా ఎవరి మీదా చెయ్యి వెయ్యను. ‘చెయ్యి వేస్తున్నా’ అంటాను, కాస్త ఆగుతాను, అప్పుడు భుజం పట్టుకుంటాను. ఆ రోజూ అన్నాను. నా గొంతు వినగానే అది వంగి నమస్కారం పెట్టింది. భుజం ఉండాల్సిన చోటికి మొహం వచ్చింది. వేలు తిన్నగా కంట్లోకి...”

“తెలుసు బావా. నేనక్కడే ఉన్నాను.”

“మాస్టరు పలకరిస్తే వంగాలని నేర్పిందెవడు? నేనే. ఇంత మర్యాద నేర్పకుండా ఉండాల్సింది.”

“నీ తప్పని ఎవరూ అనట్లేదు.”

“పోనీ ఎవరిదో ఒకరిది తప్పని అను. తిట్టుకోవడానికి ఒకడైనా దొరుకుతాడు. ఆ తల్లిని తిడదామన్నా నోరు రావట్లేదు. ఆవిడ స్థానంలో నేనుంటే చెప్పు తీసేవాణ్ణి.”

“అందుకే అంటున్నా. పోనీ, ఒక సన్నటి కర్ర పట్టుకో. కర్రతో తాకి చూడు.”

“పశువుల్ని తోలినట్టా? గుడ్డివాడి చేతికి కర్ర కూడా ఇచ్చారని చెప్పు ఆవిడకి, చాలా సంతోషిస్తుంది.”

“మరి నోటితో చెప్పు.”

“సరే. లేచి నిలబడు.”

“నేనా?”

“నువ్వే. కాళ్ళు దూరం పెట్టు. మోకాళ్ళు వంచి, గుర్రం మీద కూర్చున్నట్టు నిలబడు. నోటితోనే నేర్పుతాను.”

“ఈ పొట్టతో నాకెందుకు బావా.”

“గుర్రానికి లేని బాధ నీకెందుకు? నిలబడు.”

“ఆ, నిలబడ్డా.”

“మోకాళ్ళు వంగాయా?”

“వంగాయి.”

“వీపు నిటారుగా ఉందా?”

“ఉంది.”

“ఇంకా కిందికి దిగు.”

“అబ్బా... చచ్చాను... దిగాను.”

“నువ్వు కుర్చీలోంచి లేవనే లేదు కదూ?”

“... ఎలా తెలిసింది?”

“తెలియలేదు. నువ్వెలాంటివాడివో తెలుసు, అంతే. నిన్నగాక మొన్న చేరిన పిల్లాడు ఎలాంటివాడో నాకెలా తెలియాలి? ట్యూబులైటు ఎక్కడుందో తెలుస్తుంది నాకు. దాని కింద మనిషున్నాడో లేడో తెలియదు. మోకాలు వంగిందో లేదో నాకు చెప్పేది ఈ చెయ్యి. ఇది తీసేస్తే నేనిక్కడ ఒట్టి అరిచేవాణ్ణి. దానికి నేనెందుకు, ఒక గంట తగిలించుకో.”

“ఆగు, ఆగు.”

“ఎవర్నిరా ఆగమంటున్నావ్?”

“నిన్నే. ఇంకెవరున్నారు?”

“ఆ ఫ్యాను కట్టెయ్. దాని గోలకి చెవులు కూడా పనిచెయ్యట్లేదు.”

“ఉండనీ బావా. చెమటలు పోస్తున్నాయి.”

“కుర్చీలో కూర్చుని గుర్రమెక్కితే పొయ్యవూ మరి.”

“బావా, అసలు సంగతి ఇంకోటుంది.”

“అనుకున్నా. నువ్వు తిన్నగా విషయానికి వస్తే నాకే భయమేస్తుంది. చెప్పు.”

“ఈ మధ్య పిల్లలు ఎలా చేస్తున్నారు?”

“బాగా చేస్తున్నారు. వెనక వరసవాళ్ళు కూడా. చెయ్యి వేసి చూస్తే దిద్దడానికేమీ ఉండట్లేదు. మీ అక్కతో కూడా అన్నాను, ఇన్నాళ్ళకి నాకు నేర్పడం వచ్చిందే అని.”

“అక్కేమంది?”

“అన్నం తినమంది.”

“అక్కకి తెలుసు.”

“ఏం తెలుసు?”

“ఆ పిల్ల కంటికి తగిలినప్పుడే ఆవిడ మాన్పిస్తానంది. ఇంకొక మనిషిని పెడతానని చెప్పి ఆపాను. అప్పట్నుంచీ... నువ్వు వరసలోకి వచ్చేలోపే ఆ మనిషి వెళ్ళి పిల్లల కాళ్ళూ చేతులూ సర్దేస్తున్నారు. చప్పుడు లేకుండా, సైగ చేసి. నువ్వు ఎక్కువసేపు పట్టుకునే పని లేకుండా. ఇవాళ ఆవిడొచ్చి చూసింది. నువ్వింకా చెయ్యి వేస్తూనే ఉన్నావు.”

“ఎవడా మనిషి?”

“ఒక మనిషి.”

“మనిషే అనుకున్నాలే, గుర్రం కాదుగా. ఎవడు? ఆ ఎదురు వీధి జిమ్మువాడా, అద్దంలో కండలు చూసుకుని మురిసిపోతుంటాడు?”

“కాదు. నువ్వు నేర్పినవాళ్ళే.”

“నేను నేర్పినవాడా! నా హాల్లో, నా వీపు వెనకాల! పిల్లలకీ తెలుసా?”

“తెలుసు. నీకు చెప్పొద్దన్నాం.”

“అంతమందీ నోరు మూసుకున్నారా? క్లాసులో మూసుకోండ్రా అని గొంతు చించుకుంటే ఒక్కడూ మూసేవాడు కాదే!”

“నువ్వంటే ఇష్టం బావా వాళ్ళకి.”

“ఇష్టం కాదురా, జాలి. అయినా వాడు నడుస్తుంటే నాకు వినపడలేదేం? ఈ మ్యాట్ మీద పిల్లి నడిచినా వింటానని పిల్లల దగ్గర గొప్పలు పోతానే.”

“నువ్వు నేర్పిన నడకేగా.”

“పిలు వాణ్ణి.”

“బావా, నోరు జారకు.”

“జారతాను. ఎదురుగా వచ్చి ‘నీవల్ల కాదు, తప్పుకో’ అంటే వాడికి దణ్ణం పెట్టేవాణ్ణి. గుడ్డివాడి వెనక నక్కి పని చేసేవాడు దొంగ. సిగ్గూ శరం లేని...”

“చాలు. నీకు పుణ్యముంటుంది, ఆపు.”

“వాడికంత వత్తాసేంటి నువ్వు?”

“విను. రేపట్నుంచి క్లాసు ఆ మనిషిదే. నువ్వు రోజూ రా, కుర్చీలో కూర్చో. పిల్లలు వచ్చి నమస్కారం పెడతారు.”

“దూరం నుంచి పెట్టమను. కళ్ళు జాగ్రత్త. నవ్వాలిరా. జోకు అది.”

“రావట్లేదు బావా.”

“నాకూ రావట్లేదు. సరే, ఇంక నేను రాను. కూర్చోడానికైతే ఇంట్లో కుర్చీ లేకపోలేదు. ఒక్క సాయం చెయ్యి.”

“చెప్పు.”

“మా అమ్మాయికి ఇదేదీ తెలియనివ్వకు.”

“వద్దు బావా, ఇక్కడ ఆ మాట...”

“వినరా. మోకాలు నొప్పి, నేనే మానేశాను అంటాను. నువ్వూ అదే చెప్పు. నిజం తెలిస్తే అది ఊరుకోదు. మందుల షాపులో సాయంత్రం డ్యూటీ వదిలేసి వచ్చి, నేను నేర్పిన పట్టుతోనే నీ పీక పట్టుకుంటుంది. దాని సంగతి తెలుసుగా.”

“తెలుసు.”

“మీ అక్క దాచింది. నువ్వు దాచావు. పాలుగారే పిల్లలు దాచారు. నాతో అబద్ధమాడనిది అదొక్కతే మిగిలింది. ‘నీకు కనపడట్లేదు నాన్నా, ఒప్పుకో’ అని మొహం మీద అన్నది కూడా అదే. ఆ రోజు దాన్ని కొట్టబోయాను. ఇప్పుడు దాని మాట ఒక్కటే నమ్ముతున్నాను. ఆ ఒక్కటీ మిగలనీరా నాకు.”

“ఇంక మాట్లాడకు. దయచేసి.”

“నువ్వెందుకురా ఏడుస్తున్నావ్?”

“నేనేం ఏడవట్లేదు.”

“ముక్కు ఎగబీలుస్తున్నావుగా.”

“నేను కాదు బావా.”

“నువ్వు కాకపోతే... ఆ ఫ్యాను కట్టెయ్. కట్టెయ్ అంటున్నానా!”

“కట్టేశా.”

“ఎవరక్కడ?”

“అడుగెయ్యకు, ముందు బెంచీ ఉంది... చెయ్యి వేస్తున్నా నాన్నా.”