అదే చెంచా

వంటింటి గట్టు మీద చెల్లెలు తెచ్చిన చిన్న తూకం మిషన్ చుట్టూ అక్కాచెల్లెళ్ళిద్దరూ నిలబడ్డారు. పక్క గదిలో అక్క భర్త, వాచిన కాళ్ళు దిండు మీద చాపుకుని అన్నం తింటున్నాడు.

"డాక్టరు గారు బావకి రోజుకెంత ఉప్పన్నారక్కా?"

"నాలుగు గ్రాములు. ఈ చెంచాతో తలకొట్టి ఒకటని నర్సమ్మే తూచి చూపించింది. ఒక్కనాడూ దాటలేదే, నీ మీద ఒట్టు."

"తూచింది ఏ ఉప్పు?"

"కల్లుప్పు. అది సరిగ్గా కరగట్లేదని పోయిన నెల మెత్తటుప్పు తెచ్చాను. చెంచా మాత్రం అదే."

చెల్లెలు చెంచాడు మెత్తటుప్పు తలకొట్టి మిషన్ మీద పోసింది. ఇద్దరూ వంగి చూశారు.

"ఆరు... మెత్తటిది సందు లేకుండా కూరుకుంటుందక్కా."

అక్క గట్టు పట్టుకుంది.

"కిడ్నీలు ఇంక తేరుకోవని నిన్ననే కదే చెప్పారు! అయితే ఆ వాపంతా నేను నా చేత్తో పెట్టిందేనా?"

"ఊరుకో అక్కా. నీకేం తెలుసు?"

"తెలియకపోవడమేంటే? కొలిచి మరీ వేశాను!"

పక్క గదిలో కంచం చప్పుడైంది.

"ఏమే, ఆ కూర ఇంకొంచెం వెయ్యి. ఈమధ్యే నీ చేతికి మళ్ళీ రుచి వచ్చింది."