ఒంటె కూసున్నది

గల్ఫ్‌లో ముసఫ్ఫా అనే చోట ఒక లేబర్ క్యాంపు వంటగది. ఆదివారం, సెలవు రోజు పొద్దున. లింబాద్రి ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. అదే గదిలో ఉండే మల్లేశ్ చేతికి గడియారం, ఒళ్లో ఫోను పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"కాకా, ఒంటె మళ్ల కూసున్నది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఇగో, ఫోన్ల చూడు, మోకాళ్లేసింది. ఎంత తట్టినా లేస్తలేదు."

"నువ్వేం జేస్తున్నవ్ గప్పుడు?"

"ఏం జెయ్యాలె? స్టూలు మీద కూసోని నీ మొఖం చూస్తున్న."

"ఉరికినవా?"

"స్టూలు మీద కూసోని ఎట్ల ఉరుకుతరే?"

"అయితే గడియారం జర బిగించుకో. తియ్యకు."

"ఆరు వారాల సంది తియ్యలే. తానం జేసినా తియ్యలే. చేతికి మచ్చ పడ్డది. గుండెకు స్టెంటు పడ్డది నీకు. ఆసుపత్రోళ్లు గడియారం ఇచ్చింది నీకు. మనిషి నడిస్తె ఫోన్ల ఒంటె నడుస్తది, గుండె తేడాగ కొట్టుకుంటె ఒంటె కూసుంటది అని చెప్పింది నీకు. నడుసుడేమో నేను. ఇదేం ఇన్సాఫ్?"

"ఊకెనే నడుస్తున్నవా? నీ వంతు వంట ఎవడు చేస్తుండు?"

"నువ్వే."

"ఆదివారం, బుధవారం. రెండు పూటలు. నువ్వు గడియారం పెట్టుకునుడు, నేను నీ వంతు వండుడు. గదిల ఎనిమిది మందిమి ఉన్నం, ఇంకెవ్వనికన్న దొరికిందా ఇసొంటి బేరం?"

"వండుతున్నవ్ గని ఉప్పెయ్యవు. నూనె చుక్క పడనియ్యవు. మొన్న మన గదిల ఉండే అమీర్ జాన్ నీ పప్పు తిని, ఇది దవాయా అని అడిగిండు."

"పఠాన్‌కు పప్పు రుచి ఏం తెలుసు?"

"నాకు తెలుసు గద. నీ గుండె బాగలేదని మా అందరి నాలుకలు సంపుతున్నవ్."

"మూతి తిప్పుడు ఆపి గా ఎల్లిపాయ ఒలువు."

"వంట నీదంటివి."

"ఒలుసుడు వంట కిందికి రాదు."

"వారెవా. సరే, ఒలుస్త. నువ్వన్న గా చొక్కా చేతులు మడువు కాకా. ఇంత ఉడుకల ఫుల్ హాండ్స్ ఏసుకోని, మణికట్టు దాక గుండీలు పెట్టుకోని, పెండ్లిపిల్ల లెక్క. చూస్తె నాకే చెమట పడ్తుంది."

"ఏసీ సల్లగుంది."

"వంటింట్ల ఏసీ యాడిది?"

"మాట మార్చకు. ఈ వారం ఒంటె ఎన్నిసార్లు కూసుంది?"

"నేను మారుస్తున్ననా? మార్చేది నువ్వు. ఏమో, నాలుగైదు సార్లు. మెట్లెక్కేటప్పుడు కూసుంటె సరే అనుకోవచ్చు. సెంట్రింగు చెక్కలు మోసేటప్పుడు కూసున్నా సరే. మనిషి పండుకున్నంక ఎందుకు కూసుంటది?"

"పండుకున్నంక ఎన్ని?"

"రెండు. కాదు, మూడు. వకీల్ లెక్క అడుగుతవేందే? ఖరాబైంది గడియారం. తీస్కపోయి కొత్తది తెచ్చుకో."

"గప్పుడు నీకెట్లుండె? రొమ్ముల దడ దడ అన్నదా?"

"గ్యాస్."

"గ్యాసా?"

"గ్యాసే. ఉప్పు లేని పప్పుకు గ్యాస్ రాక ఏమొస్తది?"

"రంజాన్ ముంగట మూడో అంతస్తు మెట్ల మీద కూలబడ్డవ్ చూడు, రొమ్ము పట్టుకోని. గప్పుడు నేను వండలే."

"ఎండ దెబ్బ అది. గా ముచ్చట తియ్యకు, ఎవడన్న ఇంటడు."

"ఇంటె ఏమైతది?"

"ఏమైతదా? మనతోని పనిజేసిన అంజిబాబుకు ఏమైంది? చెకప్‌ల గుండె గీత వంకర వచ్చిందని టికెట్ చేతిల పెట్టిన్రు. ఖలాస్."

"అంజిబాబు తాగి ముదీర్‌ను, పెద్ద మేనేజర్‌నే తిట్టిండు. గందుకు పంపిన్రు."

"కంపెనీ గట్లనే చెప్తది."

"నాకు స్టెంటు పడ్డది, నన్ను పంపిన్రా? స్టోర్ల కూసోబెట్టిన్రు. పానాలు, బోల్టులు ఇచ్చుకుంట హాయిగున్న."

"నువ్వు ఇరవై ఏండ్ల సంది ఉన్నవ్, ముదీర్ నిన్ను చాచా అంటడు. నేనొచ్చి మూడేండ్లు. నన్ను యల్లా యల్లా, నడువు నడువు అంటడు, గంతే. నా పేరు గుడ తెల్వదు ఆయనకు."

"తెలుస్తది లే."

"తెల్వకుంటెనే మంచిది. ఆ, చెప్పుడు మర్సిన, కొమురవ్వ చిన్నమ్మ నిన్న ఫోన్ జేసింది."

"నీకా? నాకు జెయ్యాలె గద, పెండ్లాం నాదైతె."

"నువ్వు ఎత్తలేదట. నవ్వుడే నవ్వుడు. మా ఆయన ఒంటె తొమ్మిదో బాయి దాటిందని వాడకట్టంత ఫోను చూపించుకుంట తిరుగుతుందట. బాలవ్వ ఐతె, ఒంటెకు ఏం మేత ఏస్తున్నరని అడిగిందట."

"తొమ్మిదో బాయి అన్నదా?"

"గదే అడుగుత అనుకున్న. ఫోన్ల ఎడారిల పన్నెండు బాయిలు, ఆమె ఫోన్ల గుడ గదే ఒంటె కనవడ్తది. నేను నాలుగో బాయి కాడనే తిప్పలవడ్తున్న. చిన్నమ్మకు తొమ్మిది యాడికెళ్లి కనవడ్డయే?"

"దానికి లెక్కలు రావు."

"ఆమెకు లెక్కలు రావా? పొద్దటి నుంచి మాపటి దాక బీడీలు చుట్టి కట్టలు లెక్కవెడ్తది, ఒక్క బీడీ ఎచ్చు పోదు, తక్కువ పోదు."

"జరుగు జరుగు, ఉల్లిగడ్డ మాడుతుంది."

"పొయ్యే ముట్టియ్యలే ఇంక."

"నా ఫోన్ మోగుతుంది, ఎత్తు."

"దేవి సిస్టర్ అని పడ్డది."

"స్పీకర్ల పెట్టు. నా చేతులకు ఉల్లిగడ్డ రసం ఉంది."

"లింబాద్రి గారాండీ? ఆసుపత్రి నుంచి దేవినండీ."

"చెప్పు సిస్టరమ్మా."

"ఇందాకే మళ్లీ వచ్చిందండీ మాకు, ఒంటె కూర్చుందని. ఈ వారంలో ఇది ఐదోసారి. మూడుసార్లు పడుకున్నప్పుడే. గుండె ఓసారి గబగబా కొట్టుకుంటోంది, ఓసారి ఆగి ఆగి కొట్టుకుంటోంది. డాక్టరు గారు అంతా చూశారండీ. ఇప్పుడే తెలిసింది కాబట్టి మందులతో సరిపోవచ్చన్నారు. వదిలేస్తే మాత్రం పక్షవాతం దాకా పోవచ్చంట. ఇవాళే రమ్మన్నారు."

"వస్తం."

"నడిపించకండీ. టాక్సీలో తీసుకొచ్చేయండి ఆయన్ని."

"ఆయన్నా? ఎవర్ని సిస్టర్?"

"ఎవరండీ మాట్లాడేది?"

"నేను లింబాద్రి కాక రూమోన్ని. మల్లేశ్‌ని."

"హమ్మయ్య, మీరు పక్కనే ఉన్నారా? కంగారు పడకండి మల్లేశ్ గారూ. ఇప్పుడు కళ్లు తిరుగుతున్నాయా? ఆయాసంగా ఉందా?"

"నన్నెందుకు అడుగుతున్నవమ్మా? గడియారం కాకది. నేను ఊకె పెట్టుకున్న. తప్పైంది."

"అదేంటండీ? ఫారం మీద సంతకం మీదే కదా? పేరు, పుట్టిన తేదీ, అన్నీ మీవే ఉన్నాయి. లింబాద్రి గారూ, మీరు ఆయనకి చెప్పలేదా?"

"ఇప్పుడు చెప్త సిస్టరమ్మా. గంటల ఉంటం నీ కాడ. పెట్టేస్తున్న."

"కాకా."

"ఎల్లిపాయ ఎన్ని ఒలిసినవ్?"

"కాకా, ఏం సంతకం?"

"యాది చేసుకో. నీకు గడియారం కట్టిన నాడు."

"గడియారం పోగొడ్తె జిమ్మెదారి నాదని కాయితం. నువ్వే అన్నవ్."

"అన్న."

"నేను చదవలే."

"నువ్వెప్పుడు చదివినవ్ గనుక? వీసా కాయితమైనా, మెస్ కాయితమైనా, యాడ పెట్టాలె అని అడిగి పెడ్తవ్. క్యాంపంతా గంతే. గా ధైర్యంతోనే తెచ్చిన."

"గిది మోసం."

"మోసమే. మంచిగ పిలిస్తె వచ్చినవా? నాలుగుసార్లు పిలిచిన. నాలుగుసార్లు గ్యాస్ అన్నవ్. నాకూ మొదాలు గ్యాసే ఉండె మల్లిగా. గా మెట్ల మీద నిన్ను చూసినంక నాకు నిద్ర పట్టలే. భయమైంది. నిజంగ భయమైంది."

"కంపెనీకి తెలిస్తె?"

"ఆసుపత్రోళ్లు చెప్పరు, అడిగిన. స్టోర్ల ఇంకో మనిషి కావాలని ముదీర్ అంటుండు. మల్లేశ్ అని ఒకడున్నడు, బోల్టుల నంబర్లు గడగడ చదువుతడు అని చెప్పిన. చూద్దాం అన్నడు. నీ పేరు రాసుకున్నడు."

"రాసుకున్నడా?"

"నా కండ్ల ముంగటనే."

"ఆగు, ఆగు. నీ గడియారం నా పేరు మీద రాయించి నా చేతికి కట్టినవ్. మరి ఆరు వారాలు నీ గుండెను ఎవరు చూసిన్రు? స్టెంటు పడ్డోనివి. నీకేమన్న అయితుండె, నేను చిన్నమ్మకు ఏం చెప్తుంటి? పిచ్చోనివా నువ్వు? ఇగో, తీసేస్తున్న. నీది నువ్వు పెట్టుకో."

"తియ్యకు."

"నీ పాణం మీదికి తెచ్చుకోని నాకు..."

"తియ్యకన్న గద. నా చేతులు ఖరాబున్నయ్. గీ చొక్కా గుండి ఊడదీసి చెయ్యి పైకి గుంజు."

"ఇప్పుడెందుకు?"

"గుంజురా."

"ఇదేంది? గిసొంటిదే. నీకు ఇంకోటి ఉందా?"

"నాది ఎప్పుడూ నా చేతికే ఉంది. ఇయ్యాల పొద్దుగాల పదో బాయి దాటింది, నువ్వు గురక పెడ్తుంటె. అమీర్ జాన్ నేను రోజూ క్యాంపు గోడ చుట్టు తిరుగుతం."

"అయితే నా చేతికున్నది ఎవరిది?"

"ఆరు వారాలు నీ వంతు వంట నేను చేసింది నా ఒంటె కోసమనుకున్నవా?"