పతకం మీది పుంజు

కూర్చోమనకండి బ్రోమర్‌గారూ. కూర్చుంటే నా కోపం దిగిపోతుంది. ఇంత మంచులో ఇంటి దగ్గర్నుంచి జాగ్రత్తగా మోసుకొచ్చాను దాన్ని.

డెబ్బై ఒక్కేళ్ల మనిషండీ! ఊళ్లో పతకాలకి అచ్చులు చెక్కే మా ఏనిస్ మేస్త్రిని, తెల్లారకముందే, కళ్లజోడు కూడా పెట్టుకోనివ్వకుండా లాక్కొచ్చి మీ సర్కారు ఆఫీసు వెనక ఖైదు కొట్లో పడేశారు. ఎందుకూ? కోడిపుంజు కనబడటం లేదని! ఫ్రాన్సులో మన ఊరి కుర్రాళ్లు ఎంతమంది కనబడటం లేదు? వాళ్లకోసం ఎవర్నైనా లోపలేశారా?

సరే సరే, అరవను. తలుపు వేసుకుంటారా? వేసుకోండి.

ఆ కాయితం మీ ముందే ఉందిగా. చదవక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు. "శత్రువును చిత్రించు నిమిత్తము ఒక సజీవ కోడిపుంజు ఇవ్వడమైనది. పని ముగిసిన పిమ్మట యథాతథ స్థితిలో తిరిగి అప్పగించవలెను." కింద మీ ముద్ర, మేస్త్రి సంతకం. యథాతథ స్థితిలో! రైలెక్కి యుద్ధానికి వెళ్లినవాళ్లకి కూడా ఇలాంటి కాయితం ఒకటి రాసిచ్చి ఉంటే ఎంత బావుండేది!

పుంజు కావాలని మేమేమన్నా కలగన్నామా? పతకం కావాలన్నది మీ పెద్దలే. చనిపోయిన కుర్రాళ్ల ఇళ్లకి తలా ఒకటి పంచాలి, దానిమీద మన జర్మనీ గుర్తు డేగ, ఫ్రాన్సు గుర్తు పుంజుని కాళ్లకింద వేసి తొక్కుతుండాలి అన్నారు. మేస్త్రి కంటితో చూడనిది చెక్కడు. రష్యా ఎలుగుబంటిని చెయ్యమన్నప్పుడు మా వీధి కసాయి గ్రూబర్ మొహం పెట్టాం. మీరెవరూ పోల్చుకోలేదు గానీ వాడి పెళ్లాం పోల్చుకుంది. నెల్లాళ్లు మాకు బొమికలు అమ్మలేదు.

ఇంగ్లండు సింహానిదా? ఎవరి మొహమో ఇప్పుడెందుకులెండి. మీ మీసాలు బావుంటాయని మేస్త్రి ఎప్పుడూ అంటూ ఉంటాడు, అంతే.

మీ మనిషే పుంజుని బుట్టలో పెట్టి తెచ్చాడు. ముస్యే అని పేరు పెట్టాను. ఫ్రాన్సులో అయ్యగారూ అనాలంటే అలాగే అంటారట, శత్రువైనా మర్యాద మర్యాదే కదా. దానితో పాటు మూటెడు బార్లీ! రోజుకి రెండు గుప్పెళ్లు, శత్రువు చిక్కిపోకూడదని!

మరి మాకో? పశువులకి వేసే దుంప. పొద్దున దుంప గంజి, మధ్యాహ్నం దుంప ముక్కలు, సాయంత్రం దుంపని మాడ్చి కాఫీ. మేస్త్రి బెల్టుకి ఈ ఒక్క చలికాలంలోనే నాలుగు కొత్త చిల్లులు పొడిచాను, నా చేత్తో. ముస్యే గింజగింజా ఏరుకు తింటుంటే ముసలాయన తల పక్కకి తిప్పుకునేవాడు. ఆయనకైతే సిగ్గుంది. సంతకం పెట్టిన మీకేమైందండీ?

పైగా ఆ పుంజు ఓడిపోయినట్టు నిలబడుతుందా? "కాస్త ఏడుపు మొహం పెట్టు నాయనా" అని మేస్త్రి బతిమాలేవాడు. అదేమో బల్లెక్కి, ఛాతీ విరిచి, కిటికీ అద్దాలు అదిరేలా కూసేది. రెండుపూటలా బార్లీ తిన్నది ఎందుకేడుస్తుంది?

ఇక డేగ సంగతి. బడిలోంచి గడ్డి కూరిన డేగనొకదాన్ని పంపారుగా? రెక్కలు పురుగు కొట్టేసింది. కాళ్లు ఎలుకలు తినేశాయి. తలకాయ ఒక్కటే మిగిలింది. మైనంతో నమూనా చేసేది నేనే కదా, ఏం చెయ్యను? తల డేగది పెట్టాను. ఛాతీ, తొడలు, గోళ్లు, అన్నీ ముస్యేవే!

మీ పెద్దాయన ఆ బొమ్మ చేతిలోకి తీసుకుని "ఇదీ జర్మను ఛాతీ అంటే!" అన్నాడు. మీరు పక్కన నిలబడి మూడుసార్లు తలూపారు. లెక్కపెట్టాను. నవ్వాపుకోలేక బొగ్గుల తొట్టి వెనక్కి పారిపోయాను.

మరి కాళ్లకింద నలిగిపోయే పుంజు ఎవరంటారా? మెడ వాల్చేసి, రెక్కలు ముడుచుకుని, ఎముకలు పొడుచుకొచ్చి... అది ఏనిస్ మేస్త్రి. చలికి గోడవారగా ఒదిగి కూర్చుంటే చూసి చేశాను. ఆయనకి చెప్పలేదు.

ఆ మైనం బొమ్మ చూసుకుంటూ ఉక్కులో అచ్చు చెక్కాలి. ఉక్కండీ, మైనం కాదు చెరిపి మళ్లీ చెయ్యడానికి. ఉలి వెంట్రుకవాసి జారితే నెల పని బూడిద. పోయిన సోమవారం ఆయన చెయ్యి వణికింది. డేగ కంటి పక్కనే ఉలి జారింది. ఉలి తుడిచి, గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టేశాడు. యాభై ఏళ్లలో పట్టపగలు ఆయన పెట్టె మూయడం ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం ముస్యేని చంకన పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లాను. మెడ నేనే విరిచాను.

రాసుకోండి. వల్బుర్గా క్లింక్, పందొమ్మిదేళ్లు, మైనం పని. మేస్త్రికి ఏమీ తెలియదు. తలుపు తీసి ఉంటే పుంజు ఎగిరిపోయిందన్నాను, నమ్మాడు. మర్నాడు గిన్నెలో చారు పట్టుకెళ్లి, కాకిని కొట్టి వండానన్నాను. రెండు గుటకలు తాగి, "ఈ కాకి మంచి కుటుంబంలో పుట్టిందే" అన్నాడు. ఆ చారు మూడు రోజులు తాగాడు. గురువారానికి చెయ్యి కుదురుకుంది. కంటి పక్క గాటుని ఈకలా మలిచేశాడు. మీ బల్లమీద మెరుస్తోందే ఆ పతకం, ఆ చారుతోనే పూర్తయింది. వచ్చే ఆదివారం మా అమ్మ చేతిలో కూడా ఒకటి పెడతారు, మా తమ్ముడు ఆలోయిస్ పేరు అంచున చెక్కి. ఆవిడ దాన్ని ఏం చేసుకోవాలి? ఉడకబెట్టుకోవాలా?

ఇక ఆయన్ని వదిలెయ్యండి. నన్ను వేసుకోండి ఆ కొట్లో.

ఎందుకండీ కలం ఆపేశారు? అలా చూడకండి. "మంచిపని కోసమే కదా పిల్లా" అనకండి, మీకు దండం పెడతాను. ఇంతసేపూ తిట్టించుకుని ఇప్పుడు మంచివాళ్లయిపోతే నేనేమైపోవాలి?

మేస్త్రి చేతుల కోసం అన్నానా? అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు.

చారు పొంగేసరికి ఆయన నాకు గుర్తే లేడు. పొయ్యి దగ్గర నిలబడే ఒక గిన్నె తాగాను. నాలుక కాలింది. రెండో గిన్నె కూడా తాగాను. ఒక తొడ, ఆ జర్మను తొడే, ఎముక చితక్కొట్టి మరీ పీల్చాను. పక్కగదిలోంచి అమ్మ "ఏంటే ఆ వాసన?" అని అడిగింది. "దుంపే అమ్మా" అన్నాను.

చారు కుండ అడుగు కనపడ్డాకే మేస్త్రి గుర్తొచ్చాడు. మిగిలినదాంట్లో నీళ్లు పోసి పట్టుకెళ్లాను.

అమ్మకి పెట్టలేదు.

అది కూడా రాశారా? సరే, ఉండనివ్వండి. సంతకం ఎక్కడ పెట్టాలి?