అరువు మాట

హలో… ఆ, నేనే. అన్నయ్యనే. నా ఫోను ఇంకెవడెత్తుతాడు?

… రొట్టెల కొట్లోనే ఉన్నా. ట్రేలు కడుగుతున్నా. పొద్దున్నే నువ్వూ నీ పెళ్ళామూ పెట్టె పట్టుకుని పోయారుగా. ఆ పనీ నా నెత్తినే పడింది.

… ఏంటీ, బోర్డా? … బోర్డు దింపితే గానీ మరదలు తిరిగి రాదా? … లేదంటే మీ వదిన సారీ చెప్పాలి. … రెండిట్లో ఒకటి. బాగుంది.

… ‘మీరే ఆలోచించండి’ ఏంట్రా? ఎప్పట్నుంచి నేను నీకు ‘మీరు’ అయ్యాను?

… సరే, విను. ఆ బోర్డు మీద ఉన్నది ఒక్క ముక్క. పాన్. ఈ పరాయి దేశంలో మనవాళ్ళెవరైనా చూస్తే కిళ్ళీ కొట్టనుకుంటారని నువ్వే నవ్వావు. మీ వదిన స్పానిష్‌లో రొట్టెకి ఆ మాటే, మరదలి జపనీస్‌లోనూ ఆ మాటే. ఎవరికి వాళ్ళు మనం తమ మాటే రాయించామనుకున్నారు. ఎవరూ అడగలేదు, మనమూ చెప్పలేదు. ఇద్దరూ వంతులేసుకుని తుడిచేవాళ్ళు దాన్ని.

… నాకేం తెలుసనా? పిండి పిసికేవాడు నోరు మూసుకుంటాడు గానీ చెవులు మూసుకోడు. వాళ్ళ అచ్చులు విన్నావా ఎప్పుడైనా? అ, ఇ, ఉ, ఎ, ఒ — ఇద్దరివీ ఆ అయిదే. పలక మీద దిద్దించినట్టు పలుకుతారు. అందుకే ఒకరి మాట ఇంకొకరి నోట్లో వంకర పోయేది కాదు. ఇంగ్లీషే సగం నోట్లో, సగం ముక్కులో.

… ఆ. మరదలు పాలని ‘మిరుకు’ అనేది, కత్తిని ‘నైఫు’ అనేది. మనం బస్సు, బ్యాంకు అన్నట్టే. మీ వదినేమో హాస్పిటల్‌ని ‘ఒస్పితాల్’ అంటుంది. ఇంగ్లీషు మాట దొరికితే ఒకావిడ తోక తగిలించేది, ఒకావిడ తల కోసేది. అయినా పని ఆగిందా? ఓవెన్ తలుపు తగిలి మరదలి చెయ్యి కాలినరోజు మీ వదిన ఏ భాషలో మాట్లాడింది? నోరెత్తకుండా లాక్కెళ్ళి కుళాయి కింద పెట్టింది.

… మరి వాళ్ళని ఇంగ్లీషు క్లాసుకి పంపింది ఎవరు? … ఎవర్రా? … ఆ. నువ్వే. ‘పాపం మూగవాళ్ళలా ఉంటున్నారు, ఇంగ్లీషొస్తే మనసు విప్పి మాట్లాడుకుంటారు’ అన్నావు. విప్పారుగా. ఇప్పుడు కట్టు, చూద్దాం.

… టీచరమ్మనంటావేంటి? ఇద్దరి భాషల్లోనూ కలిసే మాటలు వెతికి తెమ్మంది. వీళ్ళు సంబరంగా బోర్డు మీది మాట పట్టుకెళ్ళారు. అది జపాన్‌కి పోర్చుగీసు ఓడలవాళ్ళు మోసుకెళ్ళిన మాట, ఆ భాష స్పానిష్‌కి తోబుట్టువు లాంటిది అని చెప్పింది. చెప్పి ఊరుకుంది. మీ వదిన ఊరుకుందా? కొట్టుకొచ్చి, పిండి బల్లకి ఆనుకుని, తప్పుల్లేని ఇంగ్లీషులో — ‘అయితే బోర్డు నాది. నీది అరువు మాట’ అంది.

… తెలుసురా, అనకూడదు. నేను కాదన్నానా? … మరదలు మాత్రం తక్కువ తిందా? ‘మాట నీదే, ఉంచుకో. నీ రొట్టె కుక్క కూడా ముట్టదు’ అంది. అదీ తప్పుల్లేకుండానే. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో.

… ఆ తర్వాతా? ఆ తర్వాత ఇంకేం మిగిలింది. ఎవరు ఆలస్యంగా లేస్తున్నారు, ఎవరి కడుపు పండలేదు… నువ్వు బయట మూటలు దింపుకుంటున్నావు. నేను అక్కడే ఉన్నా. అంతా అర్థమైంది. కాకపోయినా బాగుండును.

… ఎందుకు ఆపలేదా? ఏ భాషలో ఆపమంటావు?

… బోర్డు దింపితే మీ వదిన పెట్టె సర్దుతుంది. దింపకపోతే మరదలు గడప తొక్కదు. రేపు పిండి కలిపేదెవరు? … నువ్వూ నేనూనా?

… అదీ చూద్దాం. మనిద్దరిదీ ఒకే భాష కదా, ఒకే అమ్మ నేర్పింది. ఉప్పు పడిందా, పిండి వచ్చిందా — ఈమధ్య ఇంతకుమించి ఏం మాట్లాడుకున్నాం చెప్పు. … చెప్పరా. … అదే. నీకూ గుర్తు లేదు.

… సరే, సారీ సంగతి మీ వదిననే అడుగుతా. మరదలు పక్కనే ఉందా? … స్పీకరు పెట్టు. నేనూ పెడుతున్నా. లైన్లో ఉండు.

ఇదిగో… నిన్నే. ఇటు రా. … సారీ. ఫోన్లో. ఆమెకి. ఒక్క మాట. … ప్లీజ్. … ఆ ట్రే కింద పెట్టి—

… విన్నారా?

… నో అంది. గట్టిగానే అంది. … ఇంకా నువ్వు మరదలికి చెప్పేదేంట్రా? ఆ మాటకి మధ్యవర్తి కావాలా?

… ఎవరు, వెనక అరిచింది? … మరదలేనా?

… ఊఁ. అదే మాట. ముందూ వెనకా ఏం తగిలించకుండా, అచ్చం మీ వదిన అన్నట్టే.

… లేదు, ఇటు ఇంకేం లేదు. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

… ఒరేయ్. వాళ్ళని వదిలెయ్. … పొద్దున పిండికి నువ్వొక్కడివైనా వస్తావా? … హలో? … తమ్ముడూ… హలో?