తాతినాయుడు జరిపిన పీట

తాతినాయుడని ఒక మునసబు. ఊరు పెద్దదే, వారం వారం సంత జరిగే ఊరనుకో. ఆయనకి ఏదైనా వరసలో ఉండాల. చెప్పులు విడిస్తే వరస, విస్తళ్ళు వేస్తే వరస, పెళ్ళాం దగ్గినా వరసలో దగ్గాలనేవోడంట. మీరు నవ్వుతున్నారు గానీ ఆ ఊళ్ళో ఎవరూ నవ్వేవోళ్ళు కాదు, మునసబు కదా. సరే, ఈయన ఏం చేసాడంటే, సంతబయల్లో జనం కూకోడానికని పదహారు రాతి పీటలు తెప్పించి, సున్నం పోసి పాతించీసాడంట. అన్నీ రోడ్డుకేసే చూస్తన్నాయి, ఒకదానికీ ఇంకోదానికీ మూడు బారల ఎడం. ఎవరి రాయి మీద వాళ్ళు మర్యాదగా కూకోండన్నాడంట. కూకున్నారు. కూకుంటే ఏమైందంటే, పక్కవోడితో మాటాడాలంటే కేకెయ్యాల. కేకేసి ఏం మాటాడతాం చెప్పు? మిరపకాయల ధర అడగొచ్చు. నీ కూతురు మళ్ళీ పుట్టింటికొచ్చీసిందా అని అడగ్గలమా? రెండు సంతలయ్యేసరికి జనం సరుకు కొనుక్కోవడం, తిన్నగా ఇంటికి పోవడం, అంతే.

ఆ సంతలోనే మేదర అచ్చియ్యమ్మ బుట్టలల్లేది. జనం మాటాపలుకూ లేకండా పోతంటే ఆవిడకి తోచలేదంట. పన్నెండు వెదురు పీటలల్లి బయల్లో పెట్టీసింది. తేలిక పీటలు, ఒంటిచేత్తో ఎత్తొచ్చు. ఒకావిడ నీడకి లాక్కుంది, ఆవిడ పక్కకి ఇంకొకావిడ లాక్కుంది, మధ్యాన్నానికి గుంపులు గుంపులు, ఒకటే కబుర్లు. మునసబు ప్రతి సంతకీ పొద్దున్నే తలారి చేత పీటల్ని వరసలో పెట్టించడం, మధ్యాన్నానికి అవి చెల్లాచెదురైపోడం. "ఏటే అచ్చియ్యమ్మా, వరస ఎందుకు చెడుతోంది?" అన్నాడు. "నేను పీటలల్లాను బాబూ, వాటి మీద కూకునే మనుషుల్ని అల్లలేదు" అందంట. ఆయనకి ఒళ్ళు మండి, వచ్చే సంతకి పీటలన్నీ రాళ్ళకి కట్టీమని తలారికి చెప్పీసాడు.

ఆ సంతరోజు తలారి కంటే ఆయనే ముందొచ్చి ఒక రాయి మీద కూకున్నాడు. చూస్తే ఎదురుగా, వెదురు పీట మీద ఆయన చెల్లెలు పైడమ్మ, ఇటు వీపు పెట్టి. అన్నాచెల్లెళ్ళకి పన్నెండేళ్ళుగా మాటల్లేవు. ఎందుకంటే తల్లి మంచాన పడితే తాతినాయుడు కబురు పంపలేదు, పైడమ్మ పక్కూరి నుంచి వొచ్చేసరికి చితి ఆరిపోయింది. ఆ మాట ఎత్తాలని ఆయనకీ ఉంది, గానీ సంతబయల్లో కేకేసి చెప్పే మాటా అది? రాయి జరగదు. అటూ ఇటూ చూసి, ఒక వెదురు పీట లాక్కుని కూకున్నాడంట. కొంచెం ముందుకి జరిగాడు. చప్పుడు విని ఆవిడ కొంచెం అవతలికి జరిగింది. ఈయన మళ్ళీ జరిగాడు, ఆవిడా మళ్ళీ జరిగింది. అలా బయలంతా దాటేసారనుకో. సంతలో ఒక్కడూ చూడట్లేదు, అందరూ వంకాయలు ఏరుతున్నారు, ఏరిన వంకాయే మళ్ళీ ఏరుతున్నారు.

ఆఖరికి అచ్చియ్యమ్మ పందిరి నీడలో పైడమ్మ ఆగింది. ఇంకా జరగడానికి చోటుంది, అయినా ఆగింది. ఈయన ఎండలోనే ఆగిపోయి, నెమ్మదిగా, "అమ్మ నిన్నే అడిగింది. కబురు పంపితే అమ్మ పోతోందని నేనే ఒప్పుకున్నట్టవుద్దని పంపలేకపోయాను. తప్పు నాదే పైడీ" అన్నాడంట. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది. తరవాత పీట ఇటు తిప్పుకుని, "ఎండలో కూకున్నావు, ఇలా నీడకి జరుగన్నయ్యా" అంది.

అప్పుడే తలారి తాళ్ళు పట్టుకొచ్చాడు, ఏ పీట ముందు కట్టమంటారు బాబూ అని. "ఏ పీటేంట్రా, పోయి గేదెల్ని కట్టు" అన్నాడంట మునసబు.

ఇదంతా అచ్చియ్యమ్మ చెవిన పడ్డది కాబట్టి మనదాకా వొచ్చింది. ఆ తరవాత అన్నాచెల్లెళ్ళు హాయిగా ఉన్నారంటే మాత్రం అబద్ధమే. ప్రతి సంతకీ మోకాలికి మోకాలు తగిలేలా కూకుని పొద్దుగూకేదాకా పోట్లాడుకునేవోళ్ళంట. పన్నెండేళ్ళ మాటలు మరి, ఒక్క సంతలో అయిపోతాయా ఏటి.