మర్యాదపూర్వకంగా కలిసినవాళ్లం

నా ఈ వీడ్కోలు సభకు పెద్దగా కూర్చున్న సంపాదకులు గారికి, పక్కనున్న పెద్దలకు, నాతో పనిచేసిన మిత్రులకు, ముందు వరసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న ఫోర్‌మన్ గారికి నమస్కారం. (నవ్వులు) ఎక్కువసేపు తీసుకోను లెండి. నాకు మాట్లాడటం రాదు. పల్లెటూరి బడిలో ఎనిమిది దాకా చదివి, ముప్పై నాలుగేళ్లు ఇతరుల మాటల్లో తప్పులు వెతికినవాణ్ణి. సొంత మాటలు ఇవాళే, నాలుగుసార్లు కొట్టేసి, ఈ కాగితం మీద రాసుకొచ్చాను.

మన పత్రికలో నేను ఎక్కువసార్లు చూసిన మాట ఒకటుంది. 'మర్యాదపూర్వకంగా కలిశారు.' ఇద్దరు పెద్దమనుషులు తలుపేసుకుని గంటసేపు మాట్లాడుకుంటారు, లోపల ఏం జరిగిందో మన విలేకరికి తెలియదు, తెలిసినా రాయలేడు, అప్పుడు ఈ మాట పడుతుంది. నిన్నటిదాకా తిట్టుకున్నవాళ్లు, రేపు తిట్టుకోబోయేవాళ్లు, అందరూ మన పేజీలో మర్యాదపూర్వకంగానే కలిశారు. విలేకరి తమ్ముళ్లు ఏమీ అనుకోవద్దు. (నవ్వులు) సీసం అక్షరాల రోజుల్లో కంపోజింగువాళ్లు దీన్ని ముందే పేర్చి, దారంతో కట్టి, ఒక అరలో ఉంచుకునేవారు. రోజూ కావలసిందే కదా అని.

అప్పట్లో ప్రూఫు ఇద్దరం చూసేవాళ్లం. ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఇంకొకరు అచ్చు చూస్తూ దిద్దాలి. నాకు చదివిపెట్టినాయన అదిగో, చివరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. ఆయన గొంతు విని అందరూ 'రేడియో' అనేవాళ్లు. పన్నెండేళ్లు ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం. చదువుతూ చదువుతూ, గొంతు మార్చకుండా, "కామా, ఏరా, మీ ఆవిడకి జ్వరం తగ్గిందా, ఫుల్‌స్టాప్" అనేవాడు. (నవ్వులు)

ఒకరోజు ఒక నాయకుడు, కొడుకు పోయిన తల్లిని పరామర్శించారని వార్త. హడావిడిలో కంపోజింగువాళ్ల చెయ్యి ఆ అరలోకి వెళ్లింది. మర్నాడు పేపర్లో, ఆ తల్లిని ఆయన మర్యాదపూర్వకంగా కలిశారని వచ్చింది. ఆవిడ పేపరు మడిచి పట్టుకుని మన ఆఫీసు మెట్ల మీద కూర్చుంది.

అప్పటి మేనేజరు గారు నన్ను పిలిచి, "ఆ రేడియో సరిగ్గా చదివాడా, లేదా?" అన్నారు.

"గుర్తులేదండీ" అన్నాను.

(కాగితం మీద నుంచి తలెత్తి) గుర్తుంది. 'పరామర్శించారు' అని గట్టిగా, స్పష్టంగా చదివాడు. రోజూ చూసే మాట కాబట్టి నా కన్నే దాని మీద నుంచి జారిపోయింది. తప్పు ఆయనదే అనుకుని ఆయన్ని పార్శిల్ సెక్షన్‌కి పంపారు. అక్కడ చదవడానికి చిరునామాలు తప్ప ఏమీ ఉండవు. నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి మాత్రం "మీరు" అన్నాడు.

ఆయన రిటైరయ్యాక ఏడాదికోసారి వాళ్లింటికి వెళ్తున్నాను. "ఇటువైపు పనుండి వచ్చాను" అంటాను. "రండి, కూర్చోండి" అంటాడు. వదినగారు మంచినీళ్లిస్తారు. "ఆరోగ్యం?" "బాగానే ఉందండి. మీకు?" అంతే. ఫ్యాను చప్పుడు వింటూ పది నిమిషాలు కూర్చుని లేస్తాను. మా ఆవిడ పోయినప్పుడు ఆయనా వచ్చాడు. "ధైర్యంగా ఉండండి" అని వెళ్లాడు. ఆ రోజు ఆ మెట్ల మీద కూర్చున్న తల్లి గుర్తొచ్చింది నాకు.

ఇప్పుడు మా ఇంట్లో మాట వినబడదు. పొద్దున్నే పేపరు పైకి చదువుకుంటాను. ఎదురుగా దిద్దేవాళ్లు లేరు.

మీరిచ్చిన ఈ చేతిగడియారానికీ, ఇంతసేపు ఓపిక పట్టినందుకూ అందరికీ కృతజ్ఞతలు.

రేడియో, ఆదివారం మీ ఇంటికి వస్తాను. అటువైపు నాకు పనేమీ లేదు. ఎప్పుడూ లేదు. తలుపు తీసి "రండి" అంటే, పది నిమిషాలు కూర్చుని వచ్చేస్తాను. "రారా" అంటే...

(కాగితం తిప్పి చూసుకుని) ఇక్కడ ఏం రాయాలో తెలియక వదిలేశాను.

సెలవు.